సెంట్రింగ్‌లో ఆరేళ్ళ అనుభవం

పప్పులో కాలేయడం ఎవరైనా చేసే పనే. నేను మాత్రం ఆ పప్పు గిన్నెలో రెండు కాళ్ళూ పెట్టి, మెడలో కెమెరాతో ఈత కూడా కొట్టాను. అదీ చాటుగా కాదు. హాలు నిండా జనం, వెలుగుతున్న జ్యోతి, మైకు, పూలదండలు అన్నీ అమరిన ముహూర్తం చూసుకుని మరీ మునిగాను. ఆ మునక ఎలా జరిగిందో చెబుతాను. నవ్వొస్తే మొహమాటపడకండి. మా ఇంట్లోవాళ్ళు ఇన్నేళ్ళుగా నవ్వుతూనే ఉన్నారు, వాళ్ళ పక్కన మీకూ చోటుంటుంది.

తొంభైల చివరి మాట. నాకు ఇరవై రెండేళ్ళు. తణుకులో డిగ్రీ ముగించి, ఫోటోగ్రాఫర్నవుతానని హైదరాబాదు వచ్చి, ప్రగతి నగర్లో మా మూర్తి బాబాయి ఇంట్లో దిగాను. బాబాయి ప్రభుత్వ ఆఫీసులో సూపరింటెండెంటు. నాన్న నాకు ఒక్క ఏడాది గడువిచ్చాడు. ఆలోగా కెమెరాతో ఏదైనా ఉద్యోగం దొరికితే సరే, లేదంటే తిరిగొచ్చి బీఎడ్‌లో చేరాలి. పిల్లలకి పాఠాలు చెప్పడం మంచి పనే. కానీ ఆ మాట వినగానే నాకు గుండెల్లో రాయి పడేది. దరఖాస్తు ఫారం బాబాయి రాతబల్ల మీద, గాజు పలక కింద పడుకుని, వచ్చేపోయేటప్పుడల్లా నన్నే చూస్తుండేది.

ఆ ఏడాదిలో పదకొండు నెలలు కలలు కనడానికే సరిపోయాయి. తెల్లవారగానే చెరువు గట్టున కూర్చునేదాన్ని. నీళ్ళ మీద మంచు మెల్లగా లేచి, అవతలి ఒడ్డున ఉన్న ఇళ్ళని ఒక్కొక్కటిగా చెరిపేసి, ఎండ వచ్చాక మళ్ళీ ఒక్కొక్కటిగా గీసేది. నేను రీలు లేని కెమెరా కంటికి ఆనించుకుని టిక్కు టిక్కుమనిపించేదాన్ని. అలా అసలు లేని ఫోటోలు కొన్ని వేలు తీసుంటాను. అవన్నీ ఏదో పెద్ద హాల్లో వరసగా వేలాడుతున్నట్టూ, జనం గుసగుసలు కూడా మానేసి చూస్తున్నట్టూ, ఒక పెద్దాయన కళ్ళజోడు తుడుచుకుని ఎవరీ అమ్మాయి అని వాకబు చేస్తున్నట్టూ ఊహించుకునేదాన్ని. పెద్దాయనకి నేను జవాబు చెప్పేలోపు ఇంట్లో పాలు పొంగిపోయేవి, పిన్ని చేత చీవాట్లు తినేదాన్ని.

పైగా నాకో సొంత స్టైలుండేది. కెమెరాని ఎప్పుడూ ఓరగా పట్టుకునేదాన్ని. తా పట్టిన కుందేలుకి మూడే కాళ్ళన్నట్టు, నేను పట్టిన లోకం ఎప్పుడూ ఒక పక్కకి వాలే ఉండేది. పిన్ని నా ఫోటోలు చూసేటప్పుడు మెడ వంచి, కెమెరా జారిందా అమ్మా అని జాలిగా అడిగేది. కళ అర్థం కాని వాళ్ళని క్షమించాలని నేను అప్పటికే తీర్మానించుకున్నాను.

పన్నెండో నెలలో ఓబులేసు గారు వచ్చారు. బాబాయికి స్థలం అమ్మిన పెద్దమనిషి ఆయనే, కడప వైపు నుంచి వచ్చి మాదాపూర్, నిజాంపేట చుట్టుపక్కల ఇళ్ళు కట్టి అమ్మేవారు. ఇప్పుడు మాదాపూర్లో రాయి విసిరితే సాఫ్ట్‌వేర్ మనిషికి తగులుతుందంటారు గానీ, అప్పట్లో రాయి విసిరితే ఇంకో రాయికే తగిలేది. ఆ బండల మధ్యే ఒకటీ అరా అద్దాల భవనాలు లేస్తున్నాయి. వాటిని చూసి ఓబులేసు గారు తానూ ఒక కంప్యూటర్ శిక్షణ సంస్థ పెట్టాలనుకున్నారు. ప్రారంభోత్సవం రోజు హాలు గోడల నిండా ఫోటోలుండాలన్నది ఆయన ఆలోచన. బాబాయి నా పేరు చెప్పాడు.

"సాఫ్ట్‌వేరు పిల్లోళ్ళ ఫోటోలు కావల్లమ్మా" అన్నారు ఆయన. "చూస్తానే హుషారు రావల్ల, ఇస్టయిలు కనపడల్ల. తల్లీతండ్రీ చూసి, మా వాడు గూడా ఇట్ల కావల్ల అనుకోవల్ల."

ఫోటోలు నచ్చితే సంస్థకి నన్నే ఫోటోగ్రాఫర్‌గా పెట్టుకుంటానని కూడా అన్నారు. ఆ మాటతో నేను నేల మీద లేను. గాజు పలక కింద ఫారం కొంచెం పాలిపోయినట్టు కూడా కనిపించింది.

ఆదివారం పొద్దున్నే బాబాయి స్కూటర్ మీద మాదాపూర్ చేరాం. వయసులో ఉన్న ఆడపిల్ల ఒక్కతే బండల్లో తిరగడమేమిటని పిన్ని బాబాయిని కాపలాగా పంపింది. కాపలాదారు ఒక పెద్ద బండ నీడ చూసుకుని, మొహం మీద పేపరు కప్పుకుని, పది నిమిషాల్లో గుర్రు పెట్టాడు.

ఆ పొద్దు నాకిప్పటికీ కళ్ళలో ఉంది. రాత్రి చిన్న వాన పడిందేమో, బండలు నల్లగా మెరుస్తున్నాయి. ఎదురుగా నీలం అద్దాల భవనం. దాని ఒంటి మీద మబ్బులు మెల్లగా పాకుతున్నాయి. మబ్బు ఒక అద్దంలో మొదలై, పక్క అద్దంలోకి వెళ్ళేసరికి ముక్కలై, చివరి అద్దం దాటాక మళ్ళీ ఒక్కటై వెళ్ళిపోతోంది. నాకు అక్కడే కూర్చుని సాయంత్రం దాకా దాన్నే చూడాలనిపించింది. ఉద్యోగం గుర్తొచ్చి లేచాను.

అప్పుడు కనిపించారు ఆ నలుగురు. భవనం ముందున్న బండ మీద, గాలికి చొక్కాలు ఎగురుతుండగా నిలబడ్డారు. అందరిలో ముందున్నవాడు ఎర్ర చొక్కా మీద గుండీలు రెండు విప్పి, మెడకి రుమాలు చుట్టి, నల్లద్దాలు పెట్టాడు. వదులు ప్యాంటు, తెల్ల బూట్లు, వెనక జేబులోంచి తొంగిచూస్తున్న దువ్వెన. పక్కవాడు పాట లేకుండానే డాన్సు చేస్తున్నాడు. యువతరం అనే మాటకి కాళ్ళూ చేతులూ వస్తే ఇలాగే ఉంటుందనుకున్నాను. నేను నోరు తెరవకముందే ఎర్రచొక్కా అబ్బాయి, అక్కా జర మా ఫోటో తీస్తవా అని అడిగాడు. పేరు శ్రీను అట, పాలమూరు దగ్గర ఊరట.

నేను రెచ్చిపోయాను. ఎగరమన్నాను, ఎగిరారు. పరిగెత్తమన్నాను, పరిగెత్తారు. ఒకడు బండ మీంచి గాల్లోకి లేస్తే వాడి వెనక అద్దాల్లో మబ్బు కూడా లేచింది. నేను పడుకుని తీశాను, మోకాళ్ళ మీద తీశాను, తల వేలాడేసి తీశాను. కెమెరా ఓరగా పట్టడం సరే, ఆరోజు నేనే ఓరగా ఉన్నాను.

ఈ మహాయజ్ఞానికి ఒకే ఒక్క ఆటంకం. ఎవరో ఒకాయన మాటిమాటికీ ఫ్రేములోకి వస్తున్నాడు. గళ్ళ చొక్కా బిగించి టక్ చేసుకుని, జేబులో రెండు పెన్నులు, నుదుట కుంకుమ, చేతిలో మూడు గిన్నెల క్యారియర్. ఎవరికో భోజనం తెచ్చిన మనిషి అనుకున్నాను. కాస్త పక్కకి జరగమన్నాను, జరిగాడు. కాసేపటికి మళ్ళీ కనిపిస్తే ఇంకాస్త జరగమన్నాను. మూడోసారి ఆయనే వచ్చి, "ఇక్కడ నిలబడొచ్చాండీ?" అని అడిగి, నేను చెప్పిన చోట బుద్ధిగా నిలబడి, కాసేపటికి భవనంలోకి వెళ్ళిపోయాడు. పిల్లిని చంకలో పెట్టుకుని ఊరంతా వెతకడం పాత మాట. నేను ఆ పిల్లిని రెండుసార్లు పక్కకి జరగమన్నాను. ఆ సంగతి తర్వాత తెలుస్తుంది.

ప్రదర్శనల్లో ఫోటో కింద చిన్న కార్డు ఉంటుందని ఎక్కడో చదివాను. అందుకని నోటుబుక్కు తీసి వివరాలడిగాను.

"ఏ కంపెనీ మీది?"

"కంపెనీ అనేమ్లేదక్కా. మొదాలు గీ బిల్డింగ్ల చేసినం, ఇప్పుడు పక్కదాంట్ల చేస్తున్నం" అన్నాడు శ్రీను.

అంటే చోటు మారారన్నమాట. సాఫ్ట్‌వేర్ వాళ్ళు ఒకచోట కుదురుగా ఉండరని నేనూ విన్నాను.

"ఏ ఫ్లోర్లో చేశారు?"

"అన్ని ఫ్లోర్లు మేమే చేసినం."

భక్తితో నోటుబుక్కులో కొత్త పేజీ తిప్పాను. అప్పట్లో అందరూ అడిగే ప్రశ్న నేనూ అడిగాను. "మీరు దేంట్లో?"

శ్రీను నల్లద్దాలు సర్దుకున్నాడు. "సెంట్రింగ్ అక్కా. ఆరేండ్ల సంది."

మిగతా ముగ్గురిలో ఇద్దరిది బెండింగ్ అట. అదీ రాసుకున్నాను.

ఇక్కడ మీరు నన్ను నాలుగు తిట్టాలనుకుంటే తిట్టండి, నేను ఆగుతాను. ఎందుకంటే ఆ వేసవిలోనే బాబాయి ఇంటికి పై వాటా వేయించాడు. సెంట్రింగ్ వాళ్ళు ఇంకా పలకలు పీకలేదని ఆయన రోజూ గొణుగుతుంటే విన్నదాన్ని. వాళ్ళకి రెండు పూటలా టీలు మోసినదాన్ని. అయినా ఆ మాట ఇటుకల పక్కన వినపడితే ఒకటి, నీలం అద్దాల ముందు నల్లద్దాల మనిషి నోట వినపడితే ఇంకొకటి. ఆ రోజుల్లో వారానికో కొత్త కోర్సు పుట్టేది. చివర్న 'ఇంగ్' ఉన్న ప్రతి మాటా నాకు కంప్యూటర్ లోంచే ఊడిపడినట్టుండేది. ఎంత కష్టమైన కోర్సో అనుకుని గంభీరంగా తలూపాను. ప్రారంభోత్సవానికి తప్పకుండా రమ్మని నలుగురినీ పిలిచి, బాబాయిని లేపి ఇంటికి వచ్చాను.

ఫోటోలు కడిగించి చూస్తే, నిజం చెప్పాలంటే, నాకే ఏడుపొచ్చింది. అంత బాగా వచ్చాయి. పెద్ద సైజులో వేయించి, కింద కార్డులు ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేయించాను. శ్రీను, సెంట్రింగ్, ఆరేళ్ళ అనుభవం. ఓబులేసు గారు ఫోటోల్ని చూసి మురిసిపోయారు. కార్డుని మాత్రం రెండుసార్లు చదివారు. జీవితంలో ఎన్ని శ్లాబులు పోయించారో ఆయనకే లెక్క తెలియదు. అలాంటి మనిషి, ఇంగ్లీషు అక్షరాల్లో కనిపించేసరికి ఆ మాటని పోల్చుకోలేకపోయారు. ఇది కొత్తగా వచ్చిందా అని నన్నే అడిగారు. ఇప్పుడంతా అదేనండి అన్నాను. ఆయన తలూపారు. అలా ఇద్దరం తలూపుకున్నాం.

ప్రారంభోత్సవం రోజు హాలు నేను చెరువు గట్టున కన్న కలలాగే ఉంది. గోడల మీద నా ఫోటోలు, వాటి ముందు మెల్లగా నడిచే జనం, అగరొత్తుల పొగలోంచి గాల్లోకి ఎగురుతున్న శ్రీను. నేను ఒక మూల నిలబడి కళ్ళజోడు పెద్దాయన కోసం ఎదురుచూస్తున్నాను. ఆయన రాలేదు గానీ, భీమవరం నుంచి వచ్చిన ఒకావిడ కార్డు చదివి ఓబులేసు గారి దగ్గరికి వెళ్ళింది. ఆ సెంట్రింగ్ కోర్సు మా వాడికి దొరుకుతుందాండీ అని అడిగింది. వచ్చే బ్యాచి నుంచీ పెడతామన్నారు ఆయన, కనురెప్ప వేయకుండా. పక్కనున్నాయన అది విని తన కొడుకు పేరు కూడా రాసుకోమన్నాడు. ఇంకొకాయన బెండింగ్ కూడా కలిపి చెబుతారా అన్నాడు. పావుగంటలో రిజిస్టరులో ఒక పేజీ నిండిపోయింది. ఓబులేసు గారు దూరం నుంచి నన్ను చూసి, ఉద్యోగం ఇచ్చేసినట్టుగా చేయి ఊపారు.

అంతలో ముఖ్య అతిథి వచ్చారన్నారు. మేం ఫోటోలు తీసిన నీలం అద్దాల భవనంలోనే పెద్ద సాఫ్ట్‌వేర్ ఇంజనీరట, పేరు వెంకటేశ్వర్లు గారట. జనం పక్కకి తప్పుకున్నారు. గళ్ళ చొక్కా, టక్, రెండు పెన్నులు, కుంకుమ. నా కాళ్ళ కింద నేల ఓరగా వాలింది, ఈసారి కెమెరా ఓరగా పట్టకుండానే.

ఆయన శ్రీను ఫోటో ముందు ఆగి, ఎడమ మూలకి వంగి చూశారు. అక్కడ ఒక మోచెయ్యీ, క్యారియర్ అడుగు గిన్నే పడ్డాయి. "ఇది నాదేనండి" అన్నారు నాతో, చాలా మర్యాదగా. భీమవరం ఆవిడ వదల్లేదు. సెంట్రింగ్ అంటే ఏమిటో కాస్త చెప్పమని ఆయన్నే అడిగింది. ఆయన కార్డు చదివి, గొంతు సవరించుకుని, పేరు ఎక్కడో విన్నట్టే ఉందన్నారు. పాపం, అబద్ధం కూడా కాదు.

సరిగ్గా అప్పుడు గుమ్మంలో శ్రీను. నలుగురూ అదే ఆదివారపు వేషం, కానీ గుడికి వచ్చినట్టు బూట్లు బయట విప్పి వచ్చారు. ఫోటోలో చూసిన మొహం కనుక జనమంతా గుర్తుపట్టి దారిచ్చారు. భీమవరం ఆవిడ ఆ అబ్బాయి చెయ్యి పట్టుకున్నంత పని చేసింది.

"బాబూ, ఆ సెంట్రింగ్ నేర్చుకోడానికి ఎన్నాళ్ళు పడుతుంది?"

"నేర్చుకునుడేముందమ్మా" అన్నాడు శ్రీను. "మా నాయిన ఎంబడి పోయి చూస్కుంట చూస్కుంటనే వచ్చింది."

"కంప్యూటర్ మీదేనా?"

"కంప్యూటర్ మీదెందుకమ్మా, కట్టెల మీద. శ్లాబ్ పోసే ముందుగాల కింద గుంజలు నిలవెట్టి పలకలు గొడ్తం. బెండింగోళ్ళు పైన సలాకలు వంచి కడ్తరు. శ్లాబ్ గట్టివడ్డంక పలకలు పీకేస్తం." ముఖ్య అతిథి వైపు చూపించాడు. "మేం పీకినంకనే గీ సార్లు లోపటికి వస్తరు."

బాబాయి కుర్చీలోంచి సగం లేచి, మళ్ళీ కూర్చుని, కళ్ళు మూసుకున్నాడు. ఓబులేసు గారు కార్డు దగ్గరికి వెళ్ళి, ఈసారి పెదాలు కదుపుతూ పైకి చదివారు. అక్షరం అక్షరం కూడుకుని నోట్లోకి మాట వచ్చేసరికి ఆయన మొహం మీద గుర్తుపట్టిన వెలుగూ, పట్టరాని కోపమూ ఒకేసారి వచ్చాయి.

వెంకటేశ్వర్లు గారు మాత్రం శ్రీను వైపు ఆసక్తిగా చూశారు. "మూడో అంతస్తు కూడా మీరేనా? వానొస్తే నా బల్ల మీద చుక్క పడుతోందండి."

"అది మా గ్యాంగు పని గాద్సార్" అన్నాడు శ్రీను వెంటనే. "వాటర్‌ప్రూఫింగోళ్ళది."

"మా దగ్గర తప్పొచ్చినా మేమూ ఇదే మాట అంటామండి" అన్నారు ఆయన.

అక్కడితో హాలంతా ఘొల్లుమంది. నవ్వనివాళ్ళం ఇద్దరమే, నేనూ ఓబులేసు గారూ. సభ అయ్యాక ఆయన నా దగ్గరికి వచ్చి ఫోటోలు దించేయమన్నారు. నా ఉద్యోగం ఆ మేకుల్తో పాటే ఊడొచ్చింది.

ఒక్కొక్కటే దించుతుంటే శ్రీను వచ్చి నా పక్కన నిలబడ్డాడు. తప్పు తనదేమోనని భయపడుతున్నాడు. కాదని చెప్పాను. నల్లద్దాలు తీసి తన ఫోటోని చాలాసేపు చూశాడు. అద్దాలు లేకపోతే ఎంత చిన్నవాడో అప్పుడే చూశాను. "ఎప్పుడు జూసినా సిమెంట్లనే ఉంటం అక్కా" అన్నాడు. "గిట్ల మమ్మల్ని ఎవ్వలు తియ్యలె." నాకు సిగ్గేసింది, సంతోషమూ వేసింది. ఏది ముందు వచ్చిందో చెప్పలేను. ఆ ఫోటో అతని చేతిలో పెట్టాను. ఊళ్ళో అమ్మకి చూపిస్తానని పేపర్లో చుట్టుకుని, గాజు వస్తువుని మోసినట్టు రెండు చేతులతో పట్టుకుని బస్సెక్కాడు.

మర్నాడు నేనే గాజు పలక ఎత్తి, బీఎడ్ ఫారం తీసి, పేరూ ఊరూ నింపడం మొదలుపెట్టాను. బాబాయి ఓదార్చే ప్రయత్నం చేస్తూ మధ్యమధ్యలో మొహం తిప్పుకుని భుజాలు కదిలేలా నవ్వుతున్నాడు. అప్పుడు ఫోను మోగింది. ఓబులేసు గారు. తిట్లు వినడానికి సిద్ధపడి రిసీవర్ చెవికి ఆనించాను.

"ఏమ్మా, ఆ పిల్లోళ్ళు యాడుంటారు?" అన్నారు. "నిజాంపేటలో నా శ్లాబు ఆగిపోయుండాది. సెంట్రింగోళ్ళు దొరకడం ల్యా. నిన్న రిజిస్టర్లో పేర్లు రాయించినోళ్ళలో ముగ్గురు ఇండ్లు కట్టుకుంటాండారంట, వాళ్ళు గూడా అడుగుతాండారు."

జీవితంలో మొదటిసారి నేను పూర్తిగా మెలకువగా ఉన్నాననిపించింది. నా నోటుబుక్కులో ఉన్న శ్రీను చిరునామా చెబుతాను గానీ, ఆ సైట్లో ఈ శ్లాబు నుంచి పైకప్పు దాకా ఫోటోలు తీసే పని నాకివ్వాలన్నాను. అవతల నుంచి గట్టిగా దగ్గు వినిపించింది. ఆయన నవ్వాపుకుంటున్నారని నాకు తర్వాత అర్థమైంది.

"తీయమ్మా, శ్లాబు శ్లాబుకూ తీయి" అన్నారు చివరికి. "కింద పేర్లు మాత్రం తెలుగులో రాయి."

అలా నాకు ఉద్యోగం వచ్చింది, బీఎడ్ ఫారం వెనక్కి గాజు పలక కిందికి వెళ్ళింది. ఆ రోజే స్నానం చేసి, దేవుడి ముందు దీపం పెట్టి, బాబాయి దంపతుల సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను. ఇకపై ఈ కంఠంలో ప్రాణముండగా, అర్థం కాని మాటకి తల ఊపను గాక ఊపను.

మొన్న మా పక్కింటి అమ్మాయి తాను క్లౌడ్‌లో పని చేస్తున్నానని చెప్పింది. ఒకప్పుడైతే వెంటనే మబ్బుల వైపు చూసి, ఎంత కష్టమో అనుకునేదాన్ని. ఇప్పుడు అలా కాదు. కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, అంటే ఏం పని తల్లీ, విడమరిచి చెప్పు అన్నాను. అరగంట చెప్పింది. ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ తల మాత్రం ఊపలేదు.